గోల్ఫు కర్రల తయారీ: ఒక కార్ఖానా పాఠం

గోల్ఫు ధనికుల ఆట అన్న అభిప్రాయం మన సమాజంలో స్థిరపడి ఉన్నది. ఆ అభిప్రాయంతో మాకు పెద్ద పేచీ లేదు. విశాలమైన పచ్చిక, ఆ పచ్చికకు నీరు, చుట్టూ గోడ, లోపలికి పోవటానికి సభ్యత్వం, ఇవన్నీ డబ్బుతో ముడిపడినవే. హైదరాబాదులో గోల్కొండ కోటకు చేరిన నయా ఖిలాలో, హతియాన్ కా ఝాడ్ అని పేరుపొందిన మహావృక్షం ఉన్న ఆవరణలోనే, నేడు గోల్ఫు మైదానం కలదు. రక్షిత కట్టడంలో ఆటస్థలం ఉండవచ్చునా అన్న వాదం చాలాకాలంగా సాగుతున్నది. ఆ వాదాన్ని చరిత్ర విద్యార్థులకు వదలి, ఆటగాని చేతిలోని కర్రను గూర్చి మాత్రమే ఇక్కడ ముచ్చటించదలచాము.

ఆటస్థలం మనకు దూరమే కావచ్చును. కర్ర మాత్రం అంత దూరమైనది కాదు. దానిని చేయటానికి చెక్కపని తెలియాలి, లోహపు పని తెలియాలి, తూకం తెలియాలి. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోనే ఉన్న జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణాల చుట్టుపట్ల ఈ విద్యలు తెలిసినవారు ఇప్పటికీ ఉన్నారు. వారి పిల్లలు మన కళాశాలలో చదువుతున్నారు. ప్రవేశ పత్రంలో తండ్రి వృత్తి అన్న గడిలో వడ్రంగి కుమారుడు ‘కూలి’ అని వ్రాయటం మేము ఒకటికి రెండుసార్లు చూచి ఉన్నాము. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ గడియే.

ముందుగా పేర్లు. గోల్ఫు కర్రకు మూడు భాగాలు: బంతిని కొట్టే తల, పొడవైన కాడ, చేతితో పట్టుకొనే పిడి. తలకు కాడ దూరటానికి ఒక గొట్టం ఉంటుంది. దానిని గొంతు అందాము. కాడ గొంతులో దిగే చోట ఒక చిన్న తొడుగు వేస్తారు. రోకలికి వేసే పొన్ను వంటిదే కాబట్టి దానికి వేరే పేరు వెదకనక్కరలేదు. తల ముందుభాగం ఎంత వెనుకకు వాలితే బంతి అంత ఎత్తుకు లేస్తుంది. ఇది ముఖపు వాలు. కర్రను నేలమీద ఆనించినపుడు కాడ నేలతో చేసే కోణం కాడ వాలు. గొడ్డలికి కామ వేయించిన ఇంటివారికి ఇందులో కొత్త విషయం ఏమీ లేదు.

ఈ ఆట స్కాట్లండులో పెరిగినది. ప్రజలు దీనిలో మునిగి విలువిద్య మరచిపోతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీనిని నిషేధించినది. విచిత్రమేమనగా, 1502లో నాల్గవ జేమ్స్ రాజు తన గోల్ఫు కర్రలను పెర్త్ పట్టణంలోని విల్లులు చేసే పనివాని వద్దనే కొన్నాడు. 1603లో ఆరవ జేమ్స్ రాజు తన ఆస్థానానికి కర్రలు చేయటానికి నియమించిన విలియం మేయిన్ కూడా విల్లుల పనివాడే. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఏ కొయ్య వంగి మరల నిలుచునో, ఏది విరుగునో తెలిసినవాడు విల్లులవాడే కదా. ఇనుప తలలు కమ్మరులు సాగగొట్టేవారు. అయితే ఆనాటి బంతి తోలుసంచిలో ఈకలు కూరినది. ఇనుము తగిలితే చిరిగిపోయేది. 1848 ప్రాంతంలో గట్టాపర్చా అనే చెట్టుపాలతో చేసిన గట్టి బంతి వచ్చిన తరువాతనే ఇనుప కర్రలకు గిరాకీ పెరిగినది. బంతి మారితే కర్ర మారుతుంది, కర్ర మారితే పనివాడు మారుతాడు. ఈ ఆట మన దేశానికి త్వరగానే వచ్చినది. 1829లో స్థాపితమైన కలకత్తా రాయల్ గోల్ఫ్ క్లబ్బు బ్రిటిషు ద్వీపాలకు వెలుపల అన్నిటికన్న పాతది.

కొయ్య తలలకు మొదట బీచ్, యాపిల్, పియర్ వంటి చెట్లను వాడేవారు. తరువాత అమెరికా నుండి పెర్సిమన్ కొయ్య వచ్చినది. బిగువైన పోగు, దెబ్బకు పగలని గుణం కలది కావటంచేత దాదాపు ఒక శతాబ్దం అది రాజ్యమేలినది. 1979లో టేలర్‌మేడ్ అనే సంస్థ ఉక్కు తలను అమ్మకానికి తెచ్చి, కొయ్యను ఎగతాళి చేస్తున్నట్లుగా దానికి పిట్స్‌బర్గ్ పెర్సిమన్ అని పేరు పెట్టినది. అయినా కొయ్య వెంటనే పోలేదు. 1993లో బెర్న్‌హార్డ్ లాంగర్ మాస్టర్స్ పోటీని గెలిచినపుడు కూడా అతని పెద్ద కర్ర తల పెర్సిమన్‌దే.

వృక్షశాస్త్ర విద్యార్థులు ఇక్కడ కొంచెం ఆగవలెను. పెర్సిమన్ ఏ కుటుంబపు చెట్టు? దాని శాస్త్రనామం డయాస్పైరస్ వర్జీనియానా. మన భూపాలపల్లి, మహబూబాబాదు అడవులలో వేసవి రాగానే ఊళ్ళకు ఊళ్ళు ఆకుకోతకు కదిలే తునికి చెట్టు శాస్త్రనామం డయాస్పైరస్ మెలనోజైలాన్. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. మెలనోజైలాన్ అనగా గ్రీకు భాషలో నల్లకొయ్య. ముదిరిన తునికి నల్లని చేవను చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో చెప్పనక్కరలేదు. 1971 చట్టం తరువాత బీడీ ఆకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చినది. 50 ఆకులకొక కట్ట చొప్పున లెక్కపెట్టి కల్లంలో అప్పజెప్పే చేతులకు ఆ చెట్టు అన్న ఆకే. పండు పిల్లలకు; కొయ్య ఎవరికీ కాదు. ప్రపంచ ప్రఖ్యాత క్రీడాకారులు శతాబ్దం పాటు చేతపట్టిన కొయ్యకు మన చిట్టడవిలో తోబుట్టువు ఉన్నదని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. మహబూబాబాదుకు మానుకోట అని మరొక పేరు. ఆ పేరులో మాను ఉన్నది గాని, ఆ మానును గూర్చి మనకున్న ఎరుక తక్కువ.

అయితే తునికి చెట్టును నరకుడని మేము చెప్పటం లేదు. అడవిలో కొయ్య కొట్టటం చట్టవిరుద్ధం; అంతకుమించి, ఏటేటా ఆకునిచ్చే చెట్టును ఒక కర్ర తల కోసం కూల్చటం తెలివితక్కువ. మన పనికి వడ్రంగి దుకాణంలో మిగిలే టేకు ముక్క చాలును.

ఇక లోహం సంగతి. జనగామ పక్కనే, హైదరాబాదు నుండి వరంగల్లు పోయే రహదారి మీద, పెంబర్తి గ్రామం కలదు. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క పరుపు మీద పరచి, చిన్న ఉలులతో వెనుక నుండి కొట్టి బొమ్మను ఉబికిస్తారు. కాకతీయుల నాటి నుండి ఈ విద్య ఇక్కడ ఉన్నదని చెబుతారు. నిజాముల కాలంలో దీనికి మరల ఆదరణ కలిగినది. గుడి ధ్వజస్తంభానికి తొడుగు చేసిన చేతులే నవాబుల దేవిడీలకు పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేసినవి. రేకును పలుచన చేయకుండా, చిరగకుండా, కావలసినచోట మాత్రమే లేపటం వారి నేర్పు. పాత పెర్సిమన్ కర్రల అడుగున కూడా మరలతో బిగించిన ఒక లోహపు పలక ఉండేది. చాలావాటిలో అది ఇత్తడిదే. నేలకు రాచుకొని కొయ్య అరిగిపోకుండా అది కాపాడేది. పలక విప్పితే దాని కింద ఒక గుంట, గుంటలో సీసం. పనివాడు తూకం సరిచేసే రహస్యపు చోటు అదే.

తూకం అన్నాము గనుక అసలు పాఠంలోకి వద్దాము. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాల వరకు కాడలు హికరీ అనే అమెరికా కొయ్యవి. ఏ రెండు కొయ్యలూ ఒకటి కావు. ఒకటి మెత్తగా వంగుతుంది, మరొకటి మెలి తిరుగుతుంది. కనుక ఆటగాడు దుకాణంలో పదుల కొద్దీ కర్రలు చేతపట్టి, ఊపి చూచి, చేతికి నచ్చిన వాటిని ఒక్కొక్కటిగా ఏరుకొనేవాడు. 1930లో ఒకే సంవత్సరంలో నాలుగు పెద్ద పోటీలు గెలిచిన బాబీ జోన్స్ కర్రలు కూడా అలా ఏరుకొన్న హికరీ కర్రలే. వాటిని తరువాత ఎవరో కొలిచి చూడగా ఒక్కటి తప్ప అన్నీ ఒకే ఊపులో ఉన్నవని, ఆ ఒక్కదానితోనే ఆయనకు ఎప్పుడూ ఇబ్బందిగా ఉండేదని కర్రలు చేసేవారి మధ్య ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథలో నిజం ఎంత ఉన్నా, అది చెప్పే సూత్రం సరియైనదే.

ఉక్కు గొట్టపు కాడలను అమెరికా సంఘం 1924లో, స్కాట్లండులోని ఆర్ అండ్ ఏ సంఘం 1929లో అంగీకరించాయి. ఉక్కు గొట్టాన్ని వందసార్లు ఒకే తీరుగా చేయవచ్చును. అప్పుడు, చేయి చెప్పే తీర్పును అంకెలలో పెట్టవచ్చునా అన్న ప్రశ్న వచ్చినది. పెట్టవచ్చునని 1920లలో రాబర్ట్ ఆడమ్స్ అనే అమెరికను చూపించాడు. ఆయన చేసినది పాఠశాలలో మనం నేర్చే తులాదండమే. పిడి చివర నుండి 14 అంగుళాల దూరంలో కర్రను ఒక అంచు మీద నిలిపి, తల వైపు ఎంత మొగ్గుతుందో కొలిచాడు. దీనిని ఊపు బరువు అందాము. భౌతిక శాస్త్ర పరిభాషలో ఇది భ్రామకం, అనగా బరువును దూరంతో గుణించగా వచ్చే ఫలం.

లెక్క చూద్దాము. 5వ నంబరు ఇనుప కర్ర పొడవు 38 అంగుళాలు, తల బరువు 256 గ్రాములు అనుకొందాము. ఆధారం 14 అంగుళాల వద్ద ఉన్నది గనుక తల దానికి 24 అంగుళాల అవతల ఉన్నట్లు. 256ను 24తో గుణిస్తే 6144. ఇప్పుడు 9వ నంబరు తీసుకొందాము. పొడవు 36 అంగుళాలు, తల బరువు 284 గ్రాములు. 284ను 22తో గుణిస్తే 6248. కొంత ఎక్కువ వచ్చినదే అని విద్యార్థి అడుగుతాడు, అడగవలెను కూడా. కాడకు సైతం బరువున్నదని మరువరాదు. 38 అంగుళాల కాడ బరువు 110 గ్రాములైతే దాని మధ్యబిందువు 19 అంగుళాల వద్ద, అనగా ఆధారానికి 5 అంగుళాల అవతల ఉంటుంది, ఫలం 550. పొట్టి కాడ బరువు 104 గ్రాములు, ఆధారానికి 4 అంగుళాల అవతల, ఫలం 416. కలిపితే మొదటిదానికి 6694, రెండవదానికి 6664. భేదం 30 మాత్రమే. చేతికి తెలియటానికి సుమారు 50 కావలెనని కర్రల పనివారి అనుభవం. ఆ 50నే వారు ఒక మెట్టుగా లెక్కిస్తారు. నంబరు నంబరుకూ కాడ అర అంగుళం తగ్గి, తల 7 గ్రాములు పెరగటంలోని మర్మం ఇదే.

దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. బల్ల అంచున ఒక పదునైన లోహపు కోణాన్ని బిగించి, కర్రమీద 14 అంగుళాల గీత దానిపై పడేటట్లు నిలపండి. పిడి చివర ఒక చిన్న గుడ్డసంచి వ్రేలాడగట్టి, కర్ర సమంగా నిలిచేదాకా అందులో ఇసుక పోయండి. తరువాత ఆ ఇసుకను సంచితో సహా కంసాలి త్రాసులో తూచండి. పైన చెప్పిన 5వ నంబరు కర్రకు పిడి బరువు 50 గ్రాములైతే, ఇసుక సుమారు 440 గ్రాములు పట్టుతుంది. ఒక మెట్టు భేదం అంటే మూడున్నర గ్రాముల ఇసుక. తల వైపు 2 గ్రాములు చేరిస్తే ఒక మెట్టు పెరుగుతుంది. పిడి వైపు 5 గ్రాములు చేరిస్తే ఒక మెట్టు తగ్గుతుంది. పొడవు అర అంగుళం పెరిగితే ఏకంగా 3 మెట్లు పెరుగుతాయి. బరువుకన్న దూరమే బలమైనదని విద్యార్థికి ఏ ఉపన్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు.

కాడ బిగువును కొలవటం మరొక మంచి ప్రయోగం. డిగ్రీ విద్యార్థులు కాంటిలీవరు ప్రయోగం చేసే ఉంటారు. పిడి చివరను బల్లకు బిగించి, తల చివరను లాగి వదిలితే కాడ నిమిషానికి సుమారు 250 నుండి 300 సార్లు ఊగుతుంది. కంటితో లెక్కపెట్టటం కష్టం. చేతిఫోనులో నెమ్మదిగా ఆడే చిత్రం తీసి లెక్కపెట్టవచ్చును. పొట్టిగా కోసిన కాడ వేగంగా ఊగుతుంది, అనగా బిగువెక్కుతుంది.

ఉక్కు వచ్చిన తరువాత అందరికీ సరిపోలిన కర్రలు దొరికి, కొందరు ఇరవైకి పైగా మోయించసాగారు. సంచి మోసే క్యాడీ వీపు ఏమైనదో ఎవరూ వ్రాసిపెట్టలేదు. అమెరికాలో 1938లో, బ్రిటనులో 1939లో 14 కర్రల పరిమితి వచ్చినది.

ఇక కూర్పు. కొత్త భాగాలు తెప్పించుకొనే స్తోమత లేనివారు విరిగిన పాత కర్రలతో మొదలుపెట్టవచ్చును. అదే మేలు కూడా, ఎందుకనగా విప్పినవానికే కూర్పు తెలుస్తుంది. తలను కాడకు పట్టి ఉంచేది ఎపాక్సీ జిగురు. వేడికి అది మెత్తబడుతుంది. ఉక్కు కాడ ఉన్న తల గొంతును వేడిచేసి, మెలితిప్పి లాగితే ఊడివస్తుంది. కార్బను కాడను మాత్రం తిప్పరాదు, సూటిగా లాగవలెను, లేకపోతే పోగులు చిట్లుతాయి. మండుటెండలో మూసిన కారు డిక్కీలో కర్రలు వదలకూడదనటం కూడా ఇందుకే.

కాడ చివర మందం సాధారణంగా ఇనుప కర్రలకు 9.4 మిల్లీమీటర్లు, పెద్ద తలలవాటికి 8.5 మిల్లీమీటర్లు. గొంతులో దిగేంత మేర కాడ మీది క్రోము మెరుగును గరుకు కాగితంతో పూర్తిగా తీసివేయవలెను. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే కొట్టినపుడు బంతికి ముందు తల ఎగిరిపోతుంది. ఎదుటివారికి అది ప్రాణాపాయం. గొంతు లోపల కూడా పాత జిగురు, నూనె లేకుండా తుడవవలెను. తరువాత పొన్ను ఎక్కించి, జిగురు పూసి, కాడను తిప్పుతూ దింపవలెను. జిగురు ప్రతి ఇనుప సామానుల దుకాణంలో దొరికే ఆరల్డైటు వంటిదే. రెండు గొట్టాలను అట్టమీద వ్రాసిన పాళ్ళలో కలపాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ పట్టునని అనుకోవటం భ్రమ. లోహానికీ లోహానికీ మధ్య పలుచని పొర ఉన్నపుడే పట్టు గట్టిగా ఉంటుంది. 24 గంటలు కదల్చరాదు. మన విద్యార్థులకు అన్నిటికన్న కష్టమైన మెట్టు ఇదేనని మా అనుమానం.

ఆరిన పిమ్మట పొడవు కొలిచి పిడి వైపు కోయాలి. కార్బను కాడను కోసేటపుడు కోతచోట టేపు చుట్టి, సన్నపళ్ళ రంపంతో కోయాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూతికి గుడ్డ కట్టుకోవలెను. పిడి తొడగటానికి రెండువైపులా అంటే టేపు కాడకు చుట్టి, రంగుల దుకాణంలో దొరికే టర్పెంటైనును పిడి లోపలా టేపు మీదా పోసి ఒక్క ఊపున తోయాలి. కిటికీలు తెరచి ఉంచాలి. దగ్గరలో నిప్పు ఉండరాదు.

ఇప్పుడు ఒక పని మేమే సూచిస్తాము. మొదటి ప్రయత్నానికి దూరం కొట్టే కర్ర వద్దు. గుంతలోకి బంతిని నెమ్మదిగా తోసే కర్రను, అనగా పట్టరును చేయండి. దానికి దెబ్బ తక్కువ. కొయ్యతో చేసినా నిలుస్తుంది. ఇంటి గచ్చు మీద పరీక్షించవచ్చును. తల బరువు 350 గ్రాములు కావలెననుకొందాము. టేకు దిమ్మె 10 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, రెండున్నర ఎత్తు తీసుకొంటే ఘనపరిమాణం 125. ఘన సెంటీమీటరు టేకు సుమారు 0.65 గ్రాములు గనుక దిమ్మె 81 గ్రాములు తూగుతుంది. అడుగున 2 మిల్లీమీటర్ల ఇత్తడి పలక వేస్తే ఘనపరిమాణం 10, ఇత్తడి సాంద్రత ఎనిమిదిన్నర, బరువు 85. మొత్తం 166. ఇంకా 184 గ్రాములు కావలెను. పాతకాలపు పనివారు సీసం కరగించి పోసేవారు. సీసపు పొగ విషం, విద్యాలయంలో అది వద్దు. ఇత్తడి కడ్డీ ముక్కలు దిగగొడదాము. కడ్డీ చొప్పించినచోట కొయ్య పోతుంది గనుక ఘన సెంటీమీటరుకు మనకు కలిసివచ్చేది ఎనిమిదిన్నర కాదు, 7.85 మాత్రమే. 24 మిల్లీమీటర్ల మందం, రెండున్నర సెంటీమీటర్ల పొడవు గల ముక్కలు రెండైతే వాటి ఘనపరిమాణం 22.6, కలిసివచ్చే బరువు 177 గ్రాములు. మొత్తం 343 దాటినది. జిగురు, మరలు కలిపితే 350కి చేరువ.

ఆ రెండు ముక్కలను మధ్యలో పెట్టరాదు. దిమ్మె రెండు కొసలలో చెరొకటి పెట్టాలి. బంతి ముఖం మధ్యలో తగలనపుడు తల మెలితిరగకుండా ఈ ఏర్పాటు ఆపుతుంది. దీనిపేరే జడత్వ భ్రామకం. 1966లో పింగ్ సంస్థ స్థాపకుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ తెచ్చిన ఆన్సర్ అనే పట్టరుకు ఇంత ఖ్యాతి రావటానికి కారణం బరువును కొసలకు తోసిన ఈ ఉపాయమే. ఆయన వృత్తిచేత ఇంజనీరు.

ముఖానికి 3 డిగ్రీల వాలు కావలెను. కోణమానిని అక్కరలేదు; రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుకు పై అంచు 1.3 మిల్లీమీటర్లు వెనుకకు పోయేటట్లు రందా పట్టితే సరి. త్రికోణమితి ఎందుకని అడిగే విద్యార్థికి ఇది జవాబు. పలక బిగించకముందే, రెండు కడ్డీలకు మధ్యన, కాడకు రంధ్రం వేయాలి. నిలువు నుండి కనీసం 10 డిగ్రీలు వాలి ఉండవలెనని ఆట నియమం. 20 డిగ్రీల వాలు చేతికి అనువు. ఈ వాలు రంధ్రం చేతిబరమాతో సరిగా రాదు. 20 డిగ్రీల వాలుగా కోసిన చెక్కపీట మీద దిమ్మెను కట్టి, నిలువు బరమాతో దింపాలి. పలకను పెంబర్తి పనివారి చేత కోయించి, వారికి ఇష్టమైన పువ్వునో తీగనో అంచున చెక్కించుకోవచ్చును. ముఖం మీద మాత్రం ఏ నగిషీ వద్దు.

ఈ పని చేసే గదిలో వినిపించే మాటలను గమనించండి. కార్ఖానా, రందా, బరమా, సరేసు ఉర్దూ ద్వారా మనకు వచ్చినవి. ఉలి, సుత్తె, ఆకురాయి, పట్టకారు తెలుగువి. తరగతిలో ఉర్దూ మాధ్యమమని, తెలుగు మాధ్యమమని వేరువేరు గదులలో కూర్చునే మన విద్యార్థులు పనిబల్ల దగ్గర ఒకే భాష మాట్లాడుతారు. అది ఏ భాష అన్న ప్రశ్న అక్కడ ఎవరికీ తోచదు.

ఇదంతా మనవంటివారికి ఎందుకు అనేవారుంటారు. ముంబయిలోని చెంబూరులో, బాంబే ప్రెసిడెన్సీ గోల్ఫ్ క్లబ్బు గోడ పక్క బస్తీలలో, ఆ క్లబ్బులో సంచులు మోసే యువకులు కట్టడాలలో వాడే ఇనుప చువ్వలను వంచి కర్రలు చేసుకొన్నారు. ప్లాస్టిక్ బంతులతో ఇరుకు సందులలో ఆడుకొన్నారు. మన పల్లె పిల్లలు చిర్రగోనెకు కొమ్మ విరుచుకొన్నంత సహజంగా వారు చువ్వ వంచారు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీని గెలిచిన తొలి భారతీయ వృత్తి క్రీడాకారుడు ఆయనే. 1993లో మరల గెలిచాడు. కలకత్తా రాయల్ క్లబ్బులో పచ్చిక చూచుకొనే ఉద్యోగి కుమారుడు ఎస్.ఎస్.పి. చౌరసియా అదే పోటీని 2016లోనూ 2017లోనూ గెలిచాడు. గోడకు ఇటువైపు పుట్టినవారు అటువైపు గెలిచిన ఉదాహరణలు ఇవి. కాని మన విద్యార్థి గోల్ఫు ఆటగాడు కావలెనని మేము ఆశపడటం లేదు. తూకం వేయటం, కోణం దింపటం, జిగురు ఆరేదాకా ఆగటం వచ్చినవాడు కర్ర చేసినా, కుర్చీ చేసినా, భూపాలపల్లి గనిలో యంత్రం బాగుచేసినా పని చెడదు. విద్యార్థినులను వేరుగా పేర్కొనలేదంటే వారికి ఈ పని కాదని అర్థం చేసుకోరాదు. కంసాలి త్రాసులో ఇసుక తూచే ఓపిక వారిలోనే ఎక్కువగా చూచాము.

కళాశాల కమిటీ వారికి మా మనవి స్వల్పమైనది. భౌతిక శాస్త్ర ప్రయోగశాలలో ఒక గట్టి బల్ల, దానికి బిగించే పట్టు ఒకటి, నిలువు బరమా ఒకటి, గ్రాములో పదవ వంతు చూపే త్రాసు ఒకటి కావలెను. ప్రయోగశాల తాళం శనివారం మధ్యాహ్నం కూడా తీసి ఉంచాలి. పెంబర్తి నుండి ఒక పనివారిని, పట్టణం నుండి ఒక వడ్రంగిని నెలకొకసారి పిలిచి, అతిథి ఉపన్యాసకులకు ఇచ్చే భత్యమే వారికీ ఇవ్వాలి. రిజిస్టరులో వారి పేరుకు ఎదురుగా వృత్తి అన్న గడిలో వారు చేసే పనినే వ్రాయాలి.